పెద్దత్త అతికిన రేడియో

రండి, గడప దగ్గరే ఆగిపోకండి. ఈ చాప మీదికి జరగండి, ఇంకొంచెం ఇటు. నా గొంతు ఇప్పుడు గోడ దాటి పోదు, దగ్గరుంటేనే వినబడుతుంది. చేతిలో పనేదైనా ఉంటే తెచ్చుకోండి, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వినండి. నేను చెప్పేది చదివి నేర్చుకున్న మాట కాదు. వాచకం సగంలో ఉండగానే నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టారు. కానీ చూసినదాన్ని మరచిపోయే అలవాటు మాత్రం నాకు లేదు.

మొన్న మా మనవడు కారులో పాటల పెట్టె మార్పించుకున్నాడు. పాతది పాడటం మానేసిందట. మెకానిక్ మన వాకిట్లోనే తల కారు లోపల, కాళ్లు బయట పెట్టుకొని పడుకున్నాడు. ముందు పలకలో చదరపు బొక్క, ఆ బొక్కలోంచి రంగురంగుల తీగలు వేలాడుతున్నాయి. ఎర్రదానికి ఎర్రది, పచ్చదానికి పచ్చది దగ్గరపెట్టి మెలితిప్పుతున్నాడు. అతని బొటనవేలూ చూపుడువేలూ అట్లా కదలడం చూడగానే నాకు నవ్వు ఆగలేదు.

"ఏందవ్వా, గంతగనం నవ్వుతున్నవ్?" అన్నాడు మనవడు.

"ఈయన్ని పంపకముందే హారను నొక్కి చూడు నాయనా" అన్నాను.

మెకానిక్‌కు కోపం వచ్చింది. తల బయటికి తీసి, "పాటల పెట్టెకు, హారనుకు ఏం సంబంధమవ్వా?" అన్నాడు.

సంబంధం ఉంది. ఆ సంబంధం కలిపింది మా పెద్దత్త.

ఆమె పేరు చెప్పను. ఇంటికి పెద్దవాళ్లను పేరు పెట్టి అనడం మాకు లేదు. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ నా నోట రాని పేరు, ఇప్పుడెందుకు రావాలి? మా మామగారి అన్న భార్య. నేను గద్వాలకు కోడలిగా వచ్చేనాటికే నెత్తి నెరిసింది, పెనిమిటి లేడు, పిల్లలు లేరు. ఇంటి పెత్తనం మాత్రం ఉంది. సన్నగా, నల్లగా, కొంచెం వంగి ఉండేది. కుడిచేతి రెండు వేళ్లూ ఎప్పుడూ బూడిద రంగులో ఉండేవి. ఎంత కడిగినా పోయేది కాదు ఆ బూడిద.

ఎందుకంటారా? మాది నేతవాళ్ల ఇల్లు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే దాన్ని పూర్తిగా తీసేయరు. దాని కొనలను అచ్చులోనే, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలోనే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, పోగుకు పోగు పక్కన పెట్టి మెలితిప్పి అతుకుతారు. అతికిన తర్వాత లాగితే, పాతదాని వెంట కొత్తది తనంత తానే అచ్చులోకి నడిచివస్తుంది. ఆ అతకడానికి వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. వేల పోగులు. ఒక్కటి పక్కదానితో కలిసినా చీర చెడిపోతుంది. ఆ పనిలో మా పెద్దత్తను మించిన చెయ్యి మా వీధిలో లేదు. ఆమె అతికిన చోట వేలు పెట్టి వెతికినా అతుకు దొరికేది కాదు. విప్పుదామంటే ఊడేది కాదు.

ఆ వేళ్లు ఊరికే ఉండేవి కావు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల కొంగు అంచు తీసుకొని మెలిపెట్టేది. బావి చేంతాడు తెగినా, చిన్నదాని కాలి గొలుసు తెగినా, ఎవరి మెడలో దండ తెగినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లు ఎట్లా తెగిందో కథ మొదలుపెడితే వినేది కాదు.

"గవన్ని నాకెందుకే? రెండు కొనలు సూపియ్యి, సాలు" అనేది.

ఇష్టంలేని ప్రశ్న అడిగితే చెవుడు వచ్చేది. ఇష్టమైన మాట మూడిళ్ల అవతల అన్నా వినబడేది.

ఒకసారి మా వీధిలో ఇద్దరు తోడికోడళ్లు మాటలు మానేశారు. దేనికో తెల్వదు, వాళ్లకూ గుర్తులేదు. భజనకు వచ్చి వీపులు తిప్పుకొని ఒకరు తూర్పు, ఒకరు పడమర చూస్తూ కూర్చున్నారు. పెద్దత్త వాళ్ల మధ్య జాగాలో చేరి, కళ్లు మూసుకొని, కాలితో తాళం వేస్తూ, మహాభక్తురాలిలా ఊగింది. హారతి అయ్యాక ఇద్దరూ లేచారు. లేచి, ఒకరిమీద ఒకరు పడ్డారు. రెండు కొంగుల కొనదారాలు పోగుకు పోగు కలిసిపోయి ఉన్నాయి.

"గిదేంది పెద్దమ్మా!" అని ఒకామె మొత్తుకుంది.

"ఏమో బిడ్డా, నాకు కండ్లు సక్కగ కానొస్తలేవు" అంది ఆమె. "కత్తెర తెచ్చుకొని కోసుకోండ్రి."

ఎవరి చీర ఎవరు కోయనిస్తారు? పట్టు అంచు చీరలు. ఇద్దరూ కలిసి, పక్కపక్కనే అడుగేసుకుంటూ ఇంటికి పోయారు. సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి మా పెద్దత్తను తిట్టడంలో ఇద్దరి గొంతులూ ఒకటయ్యాయి. ఆమె అరుగు మీద కూర్చొని ఆ తిట్లు విని, "ఆ, ముడి పడ్డది" అంది.

ఇక రేడియో సంగతికి వస్తాను.

మా మరిది, అంటే నా పెనిమిటి తమ్ముడు, మగ్గం గుంటలో కూర్చోలేకపోయాడు. కాళ్లు గుంటలో, మనసు బయట. ఏదైనా చప్పుడైతే చాలు, పేక దారం మోసే నాడె వదిలేసి వాకిట్లోకి ఉరికేవాడు. మా మామగారు కొట్టారు, తిట్టారు. చివరికి పెద్దత్తే, "వానికి పోగు దిక్కు సూపు లేదు, రోడ్డు దిక్కు ఉన్నది. పోనియ్యిరి" అని వాదించి, చీరల సావుకారి దగ్గర మోటారు నేర్చుకోవడానికి పంపించింది. రెండో జర్మనీ లడాయి, ఆ పెద్ద యుద్ధం, ఇంకా మొదలు కాలేదు, ఆ రోజుల్లో మోటారు అంటే ఊరంతా వెంట ఉరికేది. నేర్చుకున్నాడు. సావుకారి నల్ల మోటారుకు డ్రైవరయ్యాడు. అయిజలో ఒక మగ్గంవాళ్ల పిల్ల అతనికి నచ్చింది. ఆ పిల్ల తండ్రి, "నేతగానికి నేతపిల్లనిచ్చుడు రోజూ ఉన్నదే, మోటారు డ్రైవరుకైతే ఇస్త" అని మాటిచ్చాడు. మరిది ఆ మాట పట్టుకొని నేల మీద నడవడం మానేశాడు.

ఆ మోటారులో రేడియో ఉండేది. గద్వాలలో ఇంకెవరి బండిలోనూ లేదు. సావుకారికి అదంటే ప్రాణం. మరిదికీ ప్రాణమే, కానీ వేరే కారణానికి. లోపలి గాజు బుడ్లు వేడెక్కితేగాని ఆ పెట్టె పాడేది కాదు. వేడెక్కాక పైన చెయ్యి పెడితే పెనంలా ఉండేది. ఇతను తన సద్దిగిన్నె దానిమీద పెట్టేవాడు.

"పాటకు పాట, రొట్టెకు యెచ్చదనం వదినా" అనేవాడు నాతో.

ఒకరోజు పెద్దత్త అతనికి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు కట్టి ఇచ్చింది. మూత సరిగా బిగించలేదు. జమ్మిచేడు దారిలో మేక అడ్డం వచ్చింది, బ్రేకు వేశాడు, గిన్నె పక్కకు ఒరిగింది, పులుసు మొత్తం రేడియోలోకి దిగింది. చిటచిటమన్నది, పొగ లేచింది. మరిదికి చేతులు ఆడక, సీటు కింది కొడవలి తీసి, పలక కింద చేతికి దొరికిన తీగల కట్ట మొత్తాన్నీ తెగకోశాడు. మంట ఆగింది. దాంతోపాటు దీపాలూ ఆగాయి, హారనూ ఆగింది.

సావుకారికి, "దానంతల అదే కాలింది" అని చెప్పాడు. సావుకారు వంగి వాసన చూశాడు.

"రేడియో కాలితే చింతపండు వాసన వస్తదారా?" అన్నాడు.

హైదరాబాదు నుంచి కొత్త పెట్టె తెప్పించాడు. రైల్లో పెట్టె వచ్చింది, దాన్ని బిగించే మనిషి మాత్రం రాలేదు, జ్వరమట. అదే సమయానికి సావుకారి కొడుకును చూసుకోవడానికి వనపర్తి నుంచి పిల్ల తరపువాళ్లు వస్తున్నట్టు కబురు వచ్చింది. వాళ్లు గొప్పవాళ్లు. గద్వాలలో మగ్గాల టకటక తప్ప ఏముంది అన్నారని ఎవరో మాట మోసుకొచ్చారు. సావుకారు మా మరిదిని పిలిచి, తలెత్తకుండానే చెప్పాడు.

"రేపు పగటి రైలుకు వియ్యాలవారొస్తున్నరు. వాండ్లు కూసునేసరికి బండి పాడాలె. పాడకుంటే తాళంచెవి ఈడ పెట్టి, పోయి గుంటల కూసో."

మరిది మధ్యాహ్నం ఎండలో బండిని మా వాకిట్లోకి తెచ్చి, అరుగు మీద చతికిలబడ్డాడు.

"అయిపాయె వదినా. నౌకరీ పాయె, అయిజ పిల్ల పాయె."

పెద్దత్త లోపల రాట్నం ఆపింది. బయటికి వచ్చింది. "ఏం పాయెరా?"

చెప్పాడు. పులుసు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చెవుడు వచ్చింది. అంతా అయ్యాక మాత్రం కొంగు నడుముకు చుట్టి, "పులుసు నాది, పని నాది. రెండు కొనలు సూపియ్యి" అంది.

"పెద్దమ్మా, గది కరెంటు. పోగు గాదు!"

"సూపియ్యిరా మొదలు."

చూపించాడు. ఆమె కారులోకి తల దూర్చింది. బండి వైపు నుంచి వేలాడుతున్న తెగిన కొనలను చేతిలోకి తీసుకుంది. కొత్త పెట్టె వెనక కొనలను, వాటితోపాటు దీపాల, హారను తీగల అవతలి కొనలను ఇంకో చేతిలోకి తీసుకుంది. నలిపి చూసింది. ఆ కాలంలో తీగల మీద నూలు అల్లి ఉండేది, మన నాడాల మీద ఉంటుందే, అట్లా. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఓరి పిచ్చోడా! గిది నూలే గదరా! దీనికా గింత పరేషాన్?"

మరిది బ్యాటరీ తీగ ఊడదీసి పక్కన పెట్టాడు. ఆ మాత్రం తెలుసు అతనికి. పెద్దత్త నన్ను పిలిచి, బూడిద, మైనం, తుమ్మబంక, అంచుల్లో మిగిలిన పట్టుదారం తెమ్మంది. వీధిలోవాళ్లు వచ్చి చుట్టూ చేరారు. సలహా చెప్పనివాడు పాపాత్ముడు. ఒకాయన నీళ్లు చల్లమన్నాడు. ఒకామె దిష్టి తియ్యమంది.

అచ్చు అతికేటప్పుడు ఎట్లా కూర్చుంటుందో అట్లా బండి లోపల, పలక కింద కూర్చుంది ఆమె, కాళ్లు చాపి, పెట్టెను ఒళ్లో పెట్టుకొని. పాత కొనలను ఒక వరసలో పరిచింది, కొత్త కొనలను ఒక వరసలో పరిచింది. ఎడమ నుంచి మొదలుపెట్టింది.

మరిది భయంగా, "పెద్దమ్మా, జర రంగు సూసి కలుపుతవా? ఎర్రచార దాన్ని ఎర్రచార దానికి..." అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు నేను.

"రంగు సూసి అతికేటోడు ఎవడన్న ఉన్నడారా మన ఇండ్లల్ల? రంగు రేపు మారుతది. వరస మారుతదా? అంచుకు అంచు, నడుమకు నడుమ. ఎడమకెల్లి కుడికి. పోగు దాటొద్దు. గంతే!"

చుట్టూ ఉన్న నేతవాళ్లందరూ తలూపారు. నిజమే కదా! మాలో ఒక్కడికీ అందులో తప్పు కనబడలేదు. మరిదికి కూడా కనబడలేదు, ఎంతైనా ఆ ఇంటి పిల్లవాడే.

మెలితిప్పింది, మైనం రాసింది, పట్టుదారం చుట్టింది, బంక పూసింది. తలుపులు తెరిచి ఎండకు ఆరనిచ్చింది. చివర ఒక తీగ మిగిలిపోయింది. పెట్టెవైపు ఉంది, బండివైపు దానికి జత లేదు. అందరూ గాబరాపడ్డారు, ఆమె పడలేదు. పడుగులో పోగు ఎక్కువైతే ఏం చేస్తాం? చిన్న బరువు కట్టి మగ్గం వెనక వేలాడదీస్తాం. ఆమె ఒక గులకరాయి కట్టి, ఆ తీగను కారు తలుపు బయటికి వేలాడదీసింది.

మరిది బ్యాటరీ కలిపాడు. రేడియో మీట తిప్పాడు. ఏమీ లేదు. దేవుణ్ని తలచుకొని దీపాల మీట వేశాడు.

"భోం!" అని హారను మోగింది. అట్లా ఇట్లా కాదు, ఆగకుండా మోగింది. వాకిట్లో కోళ్లు కప్పెక్కాయి. దిష్టి తియ్యమన్నామె మా ఇంట్లోకి ఉరికి తలుపు వేసుకుంది. మరిది మీట తీసేశాడు. ఇక మిగిలింది హారను బొత్తాం. నొక్కాడు. నిశ్శబ్దం. నొక్కిన చెయ్యి తియ్యడం మరచిపోయి, బొత్తాం మీద తల పెట్టుకొని కూర్చున్నాడు. ఏడుస్తున్నాడేమో కూడా. కొంచెంసేపటికి పెట్టె లోపల సన్నగా వెలుతురు వచ్చింది. గరగరమంది. తర్వాత ఎవరో ఆడమనిషి గొంతెత్తి పాడటం మొదలుపెట్టింది.

మరిది తలెత్తాడు, పాట ఆగింది. నొక్కాడు, జరసేపటికి మళ్లీ వచ్చింది.

"పాడుతున్నది గదరా" అంది పెద్దత్త.

"హారను నొక్కితే పాడుతున్నది పెద్దమ్మా! దీపమేస్తే హారను మొరుగుతున్నది! విప్పి మళ్ల కలపాలె."

విప్పబోయాడు. గోరు పెట్టాడు, పన్ను పెట్టాడు. ఆమె అతుకు ఊడితే కదా! కోద్దామంటే బండివైపు కొనలు జానెడు కూడా లేవు, కోస్తే అందవు. పెద్దత్త చేతులు దులుపుకుంది.

"నా అతుకు ఊడదు" అంది గర్వంగా. తర్వాత అది గర్వపడే సమయం కాదని తోచి, గొంతు తగ్గించింది. "రేపు నేనొస్త టేషనుకు. నువ్వు బండి నడుపు, మాటలు నాకిడిసిపెట్టు."

సావుకారి ఇంటికి పోయి, "ఆడమనిషి దిగుతుంటే ఆడమనిషి ఎదురుపోవద్దా?" అని సావుకారి భార్యను ఒప్పించింది. ఆమెకు వంటల హడావుడి, ఎవరో ఒకరు పోతే చాలనుకుంది. నీళ్లచెంబు, కుంకుమ పళ్లెం పట్టుకొని పెద్దత్త, ఆమెకు తోడుగా నేను బయల్దేరాం. మోటారు ఎక్కడం నాకదే మొదలు. ఆనందించే తీరిక ఉంటేనా!

రైలు వచ్చింది. వనపర్తి పెద్దాయన, ఆయన భార్య దిగారు. ముందు సీట్లో మరిది, నడుమ సావుకారు, అటుపక్క పెద్దాయన. వెనక మేము ముగ్గురు ఆడవాళ్లం. బండి కదలగానే సావుకారు మీసం సర్దుకొని, రేడియో మీటకు చెయ్యి చాపాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. మరిది మెడ మీద చెమట వరదలా కారడం నాకు వెనకనుంచి కనబడింది.

పెద్దత్త ముందుకు వంగింది.

"ఏంది సావుకారూ, మీరు తిప్పుడేంది? డ్రైవరున్నడు గద! వాండ్ల ముందల మీరే మీటలు తిప్పుతుంటే ఏమనుకుంటరు?"

సావుకారు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. మరిది హారను బొత్తాం మీద అరచెయ్యి పెట్టి, తియ్యకుండా అట్లాగే ఉంచాడు. ఆ గాజు బుడ్లు వేడెక్కేదాకా పట్టిన సమయంలో నేను మొక్కని దేవుడు లేడు. గరగర... పాట వచ్చింది!

వనపర్తి పెద్దాయన ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "లోపల మనిషున్నట్టే ఉన్నదమ్మా" అంది. సావుకారు సీట్లో ఇంకో జానెడు పొడుగయ్యాడు.

ఊరి మొదట్లో ఎడ్లు ఎదురొచ్చాయి. పెబ్బేరు సంతలో కొన్నవి, పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో, కృష్ణ దాటించి తోలుకొస్తున్నారు. రోడ్డంతా కొమ్ములే. మరిది గేరు మార్చడానికి చెయ్యి తీశాడు. పాట సగంలో తెగింది.

"ఆగిందేంది?" అన్నాడు పెద్దాయన.

"ఎడ్లు పోనీయన్నా, భయపడతయని ఆగింది" అంది పెద్దత్త వెనకనుంచి. "మర్యాద తెలిసిన పెట్టె."

ఎడ్లు కదలలేదు. సావుకారు విసుక్కొని, "హారను కొట్టరా!" అన్నాడు. మరిది బొత్తాం వైపు చూశాడు, సావుకారు వైపు చూశాడు, ఇక దిక్కులేక పట్టపగలు దీపాల మీట వేశాడు. "భోం!" ఎడ్లు చెదిరిపోయాయి. ఒకటి కందకంలోకి దూకింది. తోలేవాడు తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను, కడుపుతో ఉన్నవాళ్లు వింటున్నారు.

సావుకారు దీపాల మీట వైపు చూశాడు.

"బండి ఆపు" అన్నాడు.

మరిది ఆపాడు. సావుకారు మరిదిని దింపించి, తాను ఆ పక్కకు వచ్చి, మోకాలి మీద కూర్చొని, పలక కిందికి తల వంచాడు. మరిది రోడ్డు మీద నిలబడి తాళంచెవి అప్పుడే చేతిలో పట్టుకున్నాడు, అడగకముందే ఇచ్చేద్దామని. అతని పెదవులు కదులుతున్నాయి. అయిజ పిల్ల పేరే అనుకుంటున్నాడేమో.

"ఎవరతికిండ్రిది?" అని కింద నుంచి వినబడింది.

మరిది నోరు తెరిచేలోపే పెద్దత్త దిగింది. ఆమెకు చెవుడు రావడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ ఆ రోజు రాలేదు.

"నేనే. పోరనికేం తెల్వదు. ఏమన్న అనేదుంటే నన్నను."

సావుకారు ఆమె వైపు చూడలేదు. బొటనవేలితో మొదటి తీగను తడిమాడు, తర్వాత రెండోదాన్ని. ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్కటిగా, అచ్చు మీద పోగులు చూసుకునేవాళ్లు తడిమినట్టు తడిమాడు. ఆయన మగ్గం దిగి ఎన్నో ఏండ్లయింది. చేతులకు ఉంగరాలు వచ్చాయి. కానీ ఆ వేలు నడిచిన తీరు ఏ నేతవాడైనా గుర్తుపడతాడు.

"అంచుకు అంచు... నడుమకు నడుమ..." అని తనలో తాను అనుకున్నాడు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కోపమేమో అనుకున్నాం. తల బయటికి తీశాడు, కళ్ల నిండా నీళ్లు. నవ్వి నవ్వి వచ్చిన నీళ్లు.

"అక్కా" అన్నాడు, "వరస మాత్రం తప్పలే."

"ఎట్ల తప్పుతది తమ్మీ?" అంది ఆమె. ఊరంతా సావుకారు అనే మనిషిని ఆమె తమ్మీ అనడం నేనప్పుడే విన్నాను. "మీ అమ్మ కాడ నేర్సిన. వరస తప్పితే వేళ్ల మీద కొట్టేది."

"నన్ను కూడ కొట్టేది" అన్నాడు ఆయన, తన వేళ్లు చూసుకుంటూ.

లోపలినుంచి పెద్దాయన, "ఏమైంది బావా? ఏమన్న చెడిందా?" అని అడిగాడు.

సావుకారు లేచి, పంచె దులుపుకొని, ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"ఏం లేదు బావా. కొత్తరకం పెట్టె. గద్వాలల తయారైనది." తర్వాత మరిది చేతిలోని తాళంచెవి చూశాడు. "గదెందుకు పట్టుకున్నవ్? పెట్టు దాని జాగల. ఇంటిదాక చెయ్యి తీసినవంటే సూడు! పాట ఆగొద్దు."

మరిది ఒక చేత్తో పాట, ఒక చేత్తో బండి పట్టుకొని ఊళ్లోకి నడిపాడు. హారను లేని లోటు పెద్దత్త తీర్చింది. కిటికీలోంచి తల బయట పెట్టి, "జరుగుండ్రి! జరుగుండ్రయ్యా, పాటొస్తున్నది!" అని దారి పొడుగునా అరిచింది. వనపర్తామె కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆ సంబంధం కుదిరింది.

జ్వరం తగ్గాక హైదరాబాదు నుంచి బిగించే మనిషి వచ్చాడు. పలక కింద చూసి, నెత్తి కొట్టుకొని, గులకరాయి తీసేసి, బయట వేలాడే తీగను లోపలికి చుట్టేశాడు. హారను నొక్కి చూస్తే పాట పోయి గరగర మిగిలింది. గాలిలోంచి పాటను పట్టేది ఆ తీగేనట. మళ్లీ రాయి కట్టి బయటికి వేలాడదీశాడు. మిగతాది సరిచేస్తానంటే సావుకారు వద్దన్నాడు. "ఉండనీ. పాడుతున్నది గద" అని పంపేశాడు.

మరిదికి అయిజ పిల్లనిచ్చి పెండ్లి చేశారు. కొంగుముడి వేసింది ఎవరో చెప్పాలా? పీటల మీదినుంచి లేచాక విప్పుకోబోతే రాలేదు. ఆ రోజంతా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తిరిగారు. నా తోడికోడలు, "బూడిద పెట్టిందక్కా, నేను సూసిన" అని ఇప్పటికీ అంటుంది.

పెద్దత్త మాత్రం తన తప్పు ఒప్పుకోలేదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నేను వరస తప్పలే. ఆ పెట్టె జేసినోడు తప్పిండు" అనేది. చివరి రోజుల్లో, లడాయి అయిపోయాక, ఆమె మంచం పట్టింది. మాట పోయింది గాని వేళ్లు ఆగలేదు. దుప్పటి అంచు పట్టుకొని మెలిపెడుతూనే ఉండేది. ఆమె పోయాక ఆ దుప్పటి తీస్తే ఒక మూల, పక్కన కూర్చున్న నా కొంగుతో కలిసి వచ్చింది. నేను కోయలేదు. మెల్లగా కూర్చొని, పోగు పోగు విప్పుకున్నాను. ఆమె అతుకుల్లో ఊడింది అదొక్కటే. బలం లేదు పాపం చేతిలో.

ఆమెను తీసుకుపోతుంటే సందు చివర నల్ల మోటారు నిలబడి ఉంది. సావుకారు పంపించాడు. మరిది అప్పటిదాకా మోసి, అక్కడ ఇంకొకరికి భుజం మార్చి, బండిలోకి వంగి హారను బొత్తాం నొక్కాడు. నిశ్శబ్దం. బాజావాళ్లు కూడా ఆగారు. మోసేవాళ్లు ఆగారు. ఆ బుడ్లు వేడెక్కేదాకా మా వీధి మొత్తం ఆమెను మధ్యలో పెట్టుకొని నిలబడింది. ఏదో మంచి పాట వస్తుంది, ఆమెను సాగనంపుతుంది అని మరిది ఆశ.

గరగరమంది. తర్వాత ఎవరో మగమనిషి ఉర్దూలో, చాలా శ్రద్ధగా, ఆముదాల ధర చెప్పడం మొదలుపెట్టాడు.

ముందు ఎవరు నవ్వారో తెల్వదు. సావుకారే అనుకుంటా. తర్వాత మరిది నవ్వాడు, ఏడుస్తూనే. ఆ తోడికోడళ్లు ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకొని నవ్వారు. అట్లా నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఆముదాల ధర వింటూ ఆమెను పంపించాం. మరిది చెయ్యి మాత్రం తియ్యలేదు. మలుపు తిరిగేదాకా వినబడింది.

మొన్న మెకానిక్‌కు ఇదంతా చెప్పలేదు. వినే ఓపిక లేదు వాళ్లకు. మనవడు నా మాట మీద హారను నొక్కాడు, హారనే మోగింది. పాట నొక్కాడు, పాటే వచ్చింది. అంతా దాని జాగాలో అది ఉంది. నాకు కొంచెం చప్పగా అనిపించింది.

ఇక లేవండి, పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది. మీ ఇంట్లో ఏది తెగినా రెండు కొనలూ మీకు దొరుకుగాక. మీ ఇంటి కొంగుముళ్లు గోటికీ పంటికీ ఊడకుండా ఉండుగాక. మీ పిల్లల సద్దిగిన్నెల మూతలు బిగువుగా ఉండుగాక. ఒకవేళ ఎప్పుడైనా ఒలికినా, ఒలికిన చోటినుంచి కూడా మీ ఇంటికి పాటే వచ్చుగాక. పోయి రండి, చల్లగా ఉండండి.